ఒడ్డున సిద్ధమైన భోజనము

పాఠము: యోహాను 21:1–17, కొలొస్సయులకు 2:20–23

తిబెరియ సముద్రపు ఒడ్డున ఆ ఉదయము జరిగినదానిలో ఒక క్రమము కలదు. రాత్రియంతయు వలలు వేసి ఏమియు పట్టజాలని శిష్యులు అలసినవారై తీరమునకు వచ్చుచుండిరి. వారిలో పేతురు ఉండెను. కొన్ని దినములకు ముందు ప్రధానయాజకుని ముంగిట బొగ్గుల నిప్పుయొద్ద చలి కాచుకొనుచు, తన ప్రభువును ఎరుగనని బొంకినవాడు ఇతడే. ఇప్పుడు తీరమున మరల బొగ్గుల నిప్పు అతని కంటబడెను. గ్రీకు మూలములో ఈ బొగ్గుల నిప్పును సూచించు మాట క్రొత్త నిబంధన అంతటిలో రెండు చోట్ల మాత్రమే కనబడుచున్నది: ఒకటి పేతురు బొంకిన చోట (యోహాను 18:18), రెండవది ఈ తీరమున (21:9). మొదటి నిప్పు అతని సిగ్గునకు సాక్షి. రెండవ నిప్పుమీద చేప ఉండెను, రొట్టెయు ఉండెను.

ప్రభువు పేతురును ప్రశ్నింపక విడువలేదు. ప్రేమను గూర్చిన ప్రశ్నను మూడుమారులు అడిగెను. పేతురు మనస్సు నొచ్చుకొనెను. అయితే ఆ ప్రశ్న వచ్చినది వారు భోజనము చేసిన తరువాతనే అని సువార్తికుడు స్పష్టముగా వ్రాసియున్నాడు (21:15). మొదట భోజనమునకు పిలుపు, తరువాత ప్రశ్న, ఆ తరువాత గొఱ్ఱెలను మేపు పని. సిగ్గుతో కుంగియున్నవానికి ప్రభువు మొదట ఇచ్చినది మందలింపు కాదు, పంక్తిలో చోటు.

సంఘములలో అనేకులు మౌనముగా భరించుచున్న ఒక బాధకు ఈ క్రమము ఔషధమువంటిది. అది తిండికి సంబంధించిన బాధ. ఆకలి లేకయే, ఆపుకొనలేక, ఒంటరిగా, కడుపు నొచ్చువరకు తిని, తరువాత తన్ను తాను అసహ్యించుకొను బాధ. త్రాగుడును గూర్చి ప్రసంగపీఠముమీదనుండి మాటలాడుదురు. దీనినిగూర్చి మాటలాడువారు అరుదు. మాటలాడినను అది పెండ్లి విందులలో నవ్వులాటగానే సాగిపోవును.

1. గడియ వేసిన గది

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దక్షిణ భాగమున, ఇంద్రావతీ నది పారు బస్తరు సీమ తెలుగు దేశమునకు పొరుగు సీమ. 1960వ దశకములో బైలాడిలా కొండల ఇనుప ఖనిజమును విశాఖపట్టణపు రేవునకు చేర్చుటకై కొత్తవలసనుండి కిరందూలువరకు రైలుమార్గము వేయబడెను. ఆ మార్గము తూర్పు కనుమలను దాటి, అరకులోయమీదుగా, జగదల్‌పురముమీదుగా సాగును. ఆ రైలు వెంబడి ఎన్నో తెలుగు కుటుంబములు బ్రతుకుతెరువునకై అచ్చటికి పోయినవి. 1998లో దంతెవాడ జిల్లా వేరుపడువరకు ఆ గనుల ఊళ్లును అవిభక్త బస్తరు జిల్లాలోనివే.

అట్టి ఊరిలో, తల్లిదండ్రులకు దూరముగా, షిఫ్టు పని చేయు ఒక తెలుగు యువకుని పాఠకులు ఊహించుకొందురు గాక. అతడు ఆదివారము ఆరాధనకు తప్పక వచ్చును, పాటలలో ముందుండును. పదిమంది ఎదుట అతడు తినునది కొంచెమే. ‘చాలునండీ’ అని విస్తరి మడుచును. పగలంతయు అర్ధాకలితో గడుపును. రాత్రి గదిలోనికి వచ్చి గడియ వేసిన తరువాత వేరొకటి ఆరంభమగును. గిన్నెలోని అన్నము, మరునాటికని ఉంచిన చపాతీలు, బిస్కత్తుల పొట్లములు, మిక్చరు, పంచదార డబ్బా, ఏది చేతికందిన అది, నిలువుననే, రుచి తెలియకయే తినును. కడుపు నొచ్చిన తరువాతనే చేయి ఆగును. కాగితములను పాత వార్తాపత్రికలో చుట్టి, తెల్లవారకముందే ఎవరికిని కనబడకుండ పారవేయును.

అటుపిమ్మట వచ్చునది తిండికంటె బరువైనది. ఉదయమున అతడు వారపు సంతలోనుండి నడచిపోవును. రాగి జావ త్రాగి దినమంతయు కాయకష్టము చేయు ఆదివాసి స్త్రీలు అచ్చట విప్పపువ్వును, చింతపండును ముందు పెట్టుకొని కూర్చుండియుందురు. ‘వీరి నడుమ నివసించుచు నేనింత తింటిని’ అని అతని హృదయము అతనిమీద నేరము మోపును. ‘ప్రభువా, రేపటినుండి ఏమియు ముట్టను’ అని మ్రొక్కుకొనును. మ్రొక్కుబడి సాయంకాలమువరకు నిలుచును. రాత్రి గడియ మరల పడును.

ఇది ఒక యువకుని ఊహాచిత్రమే. ఈ స్థితి మాత్రము ఊహ కాదు. అమెరికా దేశపు వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్ 1959లోనే దీనిని వర్ణించియుండెను. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘము తన ఐదవ రోగనిర్ణయ గ్రంథములో దీనిని ప్రత్యేకమైన రుగ్మతగా చేర్చెను. 2022లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగముల పట్టికలోను దీనికి చోటు కలదు. ఆ అమెరికా గ్రంథము ప్రకారము, కొద్ది సమయములో ఇతరులు సాధారణముగా తినజాలనంత తినుట, ఆ సమయమున ఆపుకొను శక్తి తనకు లేదని తోచుట, అది సగటున వారమునకు ఒకమారైనను మూడు నెలలపాటు జరుగుట దీని గురుతులు. మిక్కిలి త్వరగా తినుట, ఆకలి లేకున్నను తినుట, సిగ్గుచేత ఒంటరిగా తినుట, తరువాత తనపై తనకు రోత కలుగుట దీనికి తోడగును. ఇది స్త్రీలకును పురుషులకును వచ్చును. లావైన వారికిని సన్నని వారికిని వచ్చును. చూపుతో దీనిని కనిపెట్టలేరు.

ఇది కేవలము కలిగినవారి రోగమని తలంచుటయు పొరపాటు. రేపటి కూడు నిశ్చయము లేని గృహములలో ఈ బాధ ఎక్కువగా కనబడుచున్నదని అమెరికాలో జరిగిన ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి. ఆకలి ఎరిగిన దేహము, అన్నము ఎదుట నున్నప్పుడు, అది మరల దొరకదేమో అని భయపడును. కరవు కథలను తాత ముత్తాతలనుండి వినిన తెలుగువారికి ఈ మాట క్రొత్తది కాదు.

2. తిండిబోతుతనమా, చెరయా?

సంఘ చరిత్రలో తిండిబోతుతనమును గూర్చిన బోధ పురాతనమైనది. నాలుగవ శతాబ్దములో ఐగుప్తు ఎడారిలో నివసించిన ఎవాగ్రియు అను సన్యాసి మనుష్యుని బాధించు ఎనిమిది దుష్టతలంపులలో దానిని మొదట ఉంచెను. ఆరవ శతాబ్దపు చివర గ్రెగోరి అను రోమా బిషప్పు కూర్చిన ముఖ్య పాపముల పట్టికలోను అది చేరెను. సామెతల గ్రంథమును మితము తప్పిన తిండిని గూర్చి హెచ్చరించుచున్నది (23:20–21). ఈ బోధను త్రోసివేయ నవసరము లేదు. పొరుగువాడు పస్తుండగా తానొక్కడే సుఖముగా భుజించు ధనవంతుని ఉపమానము (లూకా 16:19–31) నేటికిని సంఘమునకు గద్దింపుగానే నిలిచియున్నది.

అయితే గడియ వేసిన గదిలోనిది సుఖభోగము కాదు. తిండిబోతు తన తిండియందు ఆనందించును. ఈ బాధలోనున్నవాడు రుచిని సహితము ఎరుగడు. తిండిబోతు పదిమందిని పిలిచి విందు చేసికొనును. ఇతడు కాగితములను దాచును. తాను చేయగోరు మేలును చేయక, ద్వేషించుదానినే చేయుచున్నానని పౌలు రోమీయులకు వ్రాసిన ఏడవ అధ్యాయమునందు అంగలార్చిన స్థితికి ఇది మిక్కిలి సమీపమైనది. చెరలోనున్నవానిని, సుఖభోగములో తేలియాడువానిని ఒకే మాటతో గద్దించు బోధకుడు, ఒక రోగికి వేరొక రోగి మందు పోసిన వైద్యునివంటివాడు.

మరియొక సంగతి కలదు. భూమిమీద నుండినప్పుడు తిండిబోతు అను నింద మోయవలసివచ్చినవాడు యేసు ప్రభువే (మత్తయి 11:19). సుంకరులతోను పాపులతోను ఆయన ఒకే పంక్తిని కూర్చుండుటయే ఆ నిందకు కారణము. ఆ పేరుతో తన్ను తాను కొరడాతో కొట్టుకొనుచున్న విశ్వాసి ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. ఆ నింద నెరిగినవాడే అతనికి ప్రధానయాజకుడై యున్నాడు.

అట్లని ‘ఇది రోగము గనుక నా బాధ్యత లేదు’ అనుటయు సరి కాదు. జ్వరము వచ్చినవాడు జ్వరమును కోరి తెచ్చుకొనలేదు. అయినను మందు తీసికొను బాధ్యత అతనిదే. ఇచ్చటను అంతియే. సహాయమును అంగీకరించుట ఈ బాధలోనున్నవాని విధేయత.

3. దేహశిక్ష ఎందులకు కొరగాదు?

ఇట్టి వ్యక్తి ధైర్యము చేసి ఎవరితోనైనను చెప్పుకొన్నచో, తరచుగా వినబడు ఆలోచన ఒక్కటే: ‘ఉపవాసముండి ప్రార్థించుము.’ ఈ ఆలోచన భక్తిగా కనబడును. చెప్పువారి ఉద్దేశ్యమును మంచిదే. అయితే ఈ బాధ విషయములో అది నిప్పుమీద నెయ్యి పోసినట్లగును.

కొలొస్సయిలోని విశ్వాసులకు అపొస్తలుడు వ్రాసిన మాటల భావమును జాగ్రత్తగా చూడవలెను. ముట్టకుము, రుచి చూడకుము అను విధులు జ్ఞానముగా తోచును, వినయముగా తోచును. దేహమును కఠినముగా శిక్షించుట భక్తిగా తోచును. కాని శరీరేచ్ఛను అణచుటకు అవి కొరగావని ఆయన తీర్పు (2:23). దేహమును శిక్షించుట తప్పనుట మాత్రమే కాదు ఇది. ఆ శిక్షచేత అనుకొన్న కార్యము నెరవేరదనుట.

ఐదవ శతాబ్దపు ఆరంభమున గాల్ దేశమున మఠములను స్థాపించిన యోహాను కస్సియను, ఎడారి పితరులనుండి నేర్చిన ఒక సంగతిని తన సంభాషణల గ్రంథములో తెలిపెను. దాని సారాంశమిది: మితిమీరిన ఉపవాసమును మితిమీరిన తిండియు చివరకు ఒకే చోటికి చేరును. జీవితమంతయు ఉపవాసములో గడిపినవారి అనుభవమిది.

ఇరువదియవ శతాబ్దము దీనికి మరియొక సాక్ష్యము చేర్చెను. రెండవ ప్రపంచ యుద్ధపు చివరి దినములలో, కరవుబారిన పడిన ప్రజలకు ఎట్లు తిరిగి ఆహారమియ్యవలెనో తెలిసికొనుటకు, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ఒక పరీక్ష జరిపెను. 1944 నవంబరులో ఆరంభమైన ఆ పరీక్షకు 36 మంది యువకులు తమ్మును తాము ఇచ్చుకొనిరి. మనస్సాక్షి కారణముగా ఆయుధము పట్టనని నిరాకరించినవారు వారు; వారిలో అనేకులు క్వేకరు, మెన్నొనైటు, బ్రెదరన్ సంఘములకు చెందినవారు. దేహారోగ్యములోను మనోబలములోను ఎంపికైనవారే. ఆరు నెలలపాటు వారికి సగము తిండి మాత్రమే ఇయ్యబడెను. వారి బరువు సుమారు నాలుగవ వంతు తగ్గెను. వారు రాత్రింబగళ్లు తిండినిగూర్చియే తలంచిరి. వంట పుస్తకములు చదువుచు కూర్చుండిరి. మరల స్వేచ్ఛగా తిను దినము వచ్చినప్పుడు, వారిలో కొందరు కడుపు నిండినను ఆకలి తీరక, రోగులగువరకు తినిరి. కొందరికి ఈ స్థితి నెలల తరబడి సాగెను.

వారు దుష్టులా? కారు. బలహీనులా? కారు. పొరుగువాని ఆకలి తీర్చుటకై తమ దేహములను అర్పించినవారు. ఆకలితో దీర్ఘకాలము బాధింపబడిన దేహము, అన్నము కనబడగానే అదుపు తప్పునని వారి అనుభవము లోకమునకు చూపెను. గనుల ఊరి యువకుని కథలోను ఇదియే జరుగుచున్నది. పగటి పస్తు రాత్రి తిండిని పిలుచుచున్నది; రాత్రి తిండి సిగ్గును కనుచున్నది; సిగ్గు మరునాటి పస్తును విధించుచున్నది. గానుగెద్దువలె అతడు ఒకే చుట్టు తిరుగుచున్నాడు. ఆ చుట్టులో ఉపవాసము కట్టు విప్పునది కాదు, గానుగను త్రిప్పునదే.

ఉపవాసమంతయు వ్యర్థమని దీని భావము కాదు. ప్రభువు ఉపవాసముండెను, అంతియొకయ సంఘమును ఉపవాసముండి బర్నబాను పౌలును పంపెను (అపొ. కార్య. 13:2–3). కాని ఉపవాసము ప్రేమకార్యము. తన్ను తాను దండించుకొనుట కాదు. ఈ బాధలోనున్నవాడు స్వస్థపడువరకు శ్రమదినములలో సహితము అన్నపానములను విడువక, యెషయా 58వ అధ్యాయము చెప్పు ఉపవాసమును ఎన్నుకొనవచ్చును. అది ఆకలిగొన్నవానికి తన ఆహారమును పంచిపెట్టు ఉపవాసము. సంతలోని స్త్రీ ఎదుట తన్ను తాను అసహ్యించుకొనుటవలన ఆమె పిల్లలకు ముద్ద అన్నమైనను చేరదు. ఆమెయొద్ద బేరమాడక కొనుట, ఆమె బిడ్డ చదువునకు చేయూతనిచ్చుట చేరును.

4. అనుదినాహారపు కొలత

ఐగుప్తునుండి బయలువెళ్లిన ఇశ్రాయేలీయులు ఆకలి భయమును వెంట తెచ్చుకొనిరి. అట్టివారికి దేవుడు మన్నాను ఇచ్చుచు ఒక కొలతను నేర్పెను: తలకు ఒక ఓమెరు, ఉదయమున ఆహారము, సాయంకాలమున మాంసము (నిర్గమ. 16:12–16). రేపు దొరకదేమోయని కొందరు మిగుల్చుకొన్నది పురుగుపట్టి కంపుకొట్టెను. ఆయన వారి ఆకలిని నిందింపలేదు. దినదినము, సమయమునకు, చాలినంత పెట్టి, భయమును మెల్లమెల్లగా మాన్పెను. నలుబది సంవత్సరములపాటు అది జరిగెను.

ఈ రుగ్మతకు నేటి వైద్యులు ఇచ్చు చికిత్సలో మొదటి మెట్టు దీనికి ఎంత సమీపమో చూడదగినది. ఆలోచనలను, అలవాట్లను కలిపి సరిదిద్దు మానసిక చికిత్స దీనికి మేలైనదిగా ఎన్నికైనది. ఆ చికిత్సను తీర్చిదిద్దినవారిలో ఆక్స్‌ఫర్డ్ పండితుడు క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ ముఖ్యుడు. ఆ విధానములో రోగికి మొదట చెప్పునది ‘తక్కువ తినుము’ అని కాదు, ‘సమయమునకు తినుము’ అని. మూడు పూటల భోజనము, నడుమ రెండు మూడు చిరుతిండ్లు. ఒకదానికిని మరియొకదానికిని నాలుగు గంటలకు మించిన ఎడము ఉండరాదు. రాత్రి అదుపు తప్పినను మరునాటి ఉదయపు భోజనము మానరాదు. ఏమి తినెనో, ఎప్పుడు తినెనో, అప్పుడు మనస్సులో ఏమి యుండెనో ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనవలెను. ఆ వ్రాతలో కొన్ని వారములకు దారి కనబడును: శనివారపు ఒంటరితనము, ఇంటినుండి వచ్చిన కఠినమైన ఉత్తరము, పై అధికారి మాట. రాత్రి తిన్నది అన్నమైనను, మ్రింగబోయినది దుఃఖమని అప్పుడు తెలియును.

బస్తరు ప్రజలకు ఈ పాఠము చెప్పనక్కరలేదు. రాగి పిండిని నానబెట్టి, నూకలతో కాచి చేయు పేజ్ అను జావ వారి అనుదినాహారము. తెలుగువారి అంబలికి అది చెల్లెలు. ఎండిన సొరకాయ బుర్రలో దానిని పోసికొని పొలమునకు, అడవికి తీసికొనిపోవుదురు. నడుమ నడుమ ఆకుదొప్పలో పోసికొని త్రాగుదురు. అది విందు కాదు, పస్తును కాదు. పని నడుమ దేహమునకు కొంచెము కొంచెముగా అందు అన్నము. గనుల ఊరి యువకుడు ఎవరిని చూచి సిగ్గుపడుచుండెనో, వారియొద్దనే అతడు నేర్చుకొనదగినది కలదు.

5. మితానిన్

సమయమునకు తినుట ఒంటరివానికి కష్టము. అందుచేత రెండవ మెట్టు కలదు. అది తోడు.

ఛత్తీస్‌గఢ్ ప్రజలలో ఒక పాత ఆచారము కలదు. వేర్వేరు కుటుంబములకు చెందిన ఇద్దరు పదిమంది ఎదుట జీవితకాల స్నేహమునకు కట్టుబడుదురు. అట్టి స్నేహితురాలిని మితానిన్ అందురు. వ్యాధిలోను, దుఃఖములోను, ప్రసవములోను ఆమె రక్తసంబంధికంటె దగ్గరగా నిలుచును. 2002లో ఆ రాష్ట్ర ప్రభుత్వము పల్లెలలో ఆరోగ్య సేవకురాండ్రను నియమించినప్పుడు వారికి ఈ పేరే పెట్టెను. ఒక్కొక్క వాడకు ఒక స్త్రీ ఏర్పరచబడెను. నేడు వారి సంఖ్య 60,000కు మించియున్నది. దేశమంతటను ఆశా కార్యకర్తల పథకము వచ్చుటకు ముందే ఈ ఏర్పాటు ఆరంభమైనది. వైద్యుడు లేని అడవి పల్లెలో, రోగి మొదట చూచునది స్నేహితురాలి ముఖము.

క్రీస్తు సంఘమున ఈ పని ఎవరిది? ఒకరితోనొకరు తమ తప్పులను ఒప్పుకొని, ఒకరికొరకొకరు ప్రార్థన చేయుడని యాకోబు బోధించుట (5:16) స్వస్థతను గూర్చియే. దాగినది వెలుగులోనికి వచ్చుటయే దాని బలములో సగము తీయును. 1960లో అమెరికాలో ఆరంభమైన అతిభోజన బాధితుల అనామక సంఘములును ఈ సూత్రముమీదనే నిలిచియున్నవి. ఒకే బాధలోనున్నవారు కూడి, పేర్లు బయటపెట్టక, నిజము చెప్పుకొని, ఒకరినొకరు నిలువబెట్టుకొందురు.

అట్టి తోడు కాగోరువారు కొన్ని సంగతులు ఎరిగియుండవలెను. విన్నదానిని తన భార్యకు గాని భర్తకు గాని సహితము చెప్పరాదు. ప్రార్థన మనవిగా సభలో చదువరాదు. విస్తరిలోనికి తొంగిచూచి లెక్కలు వేయరాదు; కావలివాడు వేరు, స్నేహితుడు వేరు. కష్టమైన గడియలో పిలిచినచో వచ్చి కూర్చుండవలెను. వారమునకు ఒకటి రెండు మారులైనను కలిసి భోజనము చేయవలెను. రాత్రి పడినానని చెప్పినప్పుడు ‘మరల పడితివా’ అనక, ‘ఉదయము తింటివా’ అని అడుగవలెను.

సంఘమంతయు చేయదగినదియు కలదు. కొరింథులో కొందరు ఇతరులకొరకు నిలువక ముందుగా తమ భోజనము తామే తినుచుండిరి. ఒకడు ఆకలిగొనెను, ఒకడు మత్తుడాయెను. కలిసి భుజించునప్పుడు ఒకరికొరకొకరు కనిపెట్టుకొని యుండవలెనని అపొస్తలుడు వారికి ఆజ్ఞాపించెను (1 కొరింథీ. 11:33). ఒంటరి తిండి ప్రభువు బల్లకు విరోధమైనది. అందుచేత సంఘములలో ‘లావైతివే’, ‘చిక్కితివే’ అను పలకరింపులు మానవలెను. ప్రేమ విందులో వలదన్నవాని విస్తరిలో బలవంతముగా వడ్డించుటయు, అడిగినవానిని చూచి నవ్వుటయు మానవలెను. ఊరికి క్రొత్తగా వచ్చిన ఒంటరి యువకులకు, వసతి గృహములలోని విద్యార్థినులకు ఆదివారపు భోజనము ఏదో ఒక ఇంట సిద్ధముగా ఉండవలెను. ఇది ఖర్చుతో కూడిన పరిచర్య కాదు. ఇంకొక గ్లాసు బియ్యము.

తోడు వైద్యమునకు బదులు కాదు. తిన్నదానిని బలవంతముగా వాంతి చేసికొనువారు, విరేచనపు మందులు వాడువారు, మధుమేహముగలవారు, బ్రదుకు చాలించుకొను తలంపు కలవారు ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన టెలీ మానస్ అను ఉచిత టెలిఫోను సేవ 14416 సంఖ్యపై రాత్రింబగళ్లు, తెలుగుతో కూడ అనేక భాషలలో లభించుచున్నది. బస్తరు అడవి అంచుననున్న ఊరినుండియైనను, పరాయి భాష మాటలాడు పట్టణమునుండియైనను తెలుగువాడు తన మాటలోనే తన బాధ చెప్పుకొనవచ్చును. వైద్యుని చూచుట అవిశ్వాసము కాదు. సువార్తికుడైన లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచినది అపొస్తలుడే (కొలొస్స. 4:14).

6. మరల పడిన దినమున

స్వస్థత ఒక్క రాత్రిలో రాదు. కొన్ని వారములు మేలుగా గడచిన తరువాత గడియ మరల పడవచ్చును. ఆ దినమున శత్రువు చెప్పు మాట ఒకటే: ‘నీకిక ఆశ లేదు, పంక్తిలోనుండి లెమ్ము.’

తీరమున భోజనముచేసి, ముమ్మారు ప్రశ్నింపబడి, మంద అప్పగింపబడిన పేతురు మరల పడెను. ఆ పడుట భోజనపు బల్లయొద్దనే. అంతియొకయలో అన్యజనులైన విశ్వాసులతో కలిసి తినుచుండిన అతడు, యెరూషలేమునుండి కొందరు వచ్చినప్పుడు వారికి భయపడి పంక్తిని విడిచి వేరైపోయెను (గలతీ. 2:11–12). ఇతరుల చూపునకు వెరచి బల్లను విడిచినవాడు మొదటి అపొస్తలుడే. పౌలు అతనిని ముఖాముఖిగా ఎదిరించెను. అయితే బల్లకు దూరము చేయలేదు. అతని దోషము బల్లను విడుచుట. దానికి మందు బల్లకు తిరిగి వచ్చుట. పేతురు అపొస్తలుడుగానే నిలిచెను. చెదరియున్న సంఘములను ఓదార్చు పత్రిక పేరు నేటికిని అతనిదే.

ఈ పుటను చదువుచున్నవారిలో గడియ వేసిన గది తెలిసినవారు ఉందురు. వారు ఈ రాత్రి కొత్త మ్రొక్కుబడి చేయ నవసరము లేదు. రేపు ఉదయమున లేచి, సమయమునకు భోజనము చేయుదురు గాక. వారము గడువకముందే నమ్మదగిన ఒక వ్యక్తితో ఒక్క మాట చెప్పుదురు గాక. ఆ మాట వినినవారు మొదట ప్రశ్నలు వేయక, భోజనమునకు పిలుచుదురు గాక. ప్రభువు పెట్టిన క్రమము అదియే.

మాటలు దొరకనివారు ఈ విధముగా ప్రార్థింపవచ్చును:

ప్రభువా, నేను దాచినదంతయు నీ వెరుగుదువు. ఆకలికి తినలేదు, దుఃఖమునకు తింటిని. నన్ను నేను శిక్షించుకొనుట మానుటకు సహాయము చేయుము. రేపటి ఉదయపు అన్నమును నీ చేతినుండి భయము లేక అందుకొననిమ్ము. నా యెదుట కూర్చుండి తిను ఒక స్నేహితుని చూపుము. నేను మరల పడినయెడల నీ నిప్పుయొద్దకు మరల రానిమ్ము. తీరమున భోజనము సిద్ధపరచిన యేసు నామమున వేడుకొనుచున్నాను. ఆమేన్.